పాపం, బొమ్మకుక్క

ఆదివారం పాతపుస్తకాల కోసం ఆబిడ్స్ వెళ్లే అలవాటున్నవాళ్లకి బొమ్మకుక్కలు అమ్మేవాళ్లు కూడా తెలిసే ఉంటారు. ఆ రోజు దుకాణాల షటర్లు దించి ఉంటాయి కాబట్టి వాటి ముందున్న ఫుట్‌పాత్ అంతా పుస్తకాలదే. జీపీఓ వైపు నుంచి నడుస్తూ పోతే ఎంట్రన్స్ గైడ్లు, పాత చందమామలు, చంపక్‌లు, అట్టలూడిన ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు. వాటి మధ్య ఎక్కడో ఒకచోట ఒక అట్టపెట్టె, దాని ముందు చాపంత జాగాలో నాలుగైదు కుక్కపిల్లలు. తెల్లటి బొచ్చు, ప్లాస్టిక్ కళ్లు, పొట్ట కింద రెండు పెన్సిల్ సెల్లులు. ఐదడుగులు నడుస్తాయి, ఆగుతాయి, తలెత్తి కుయ్ కుయ్‌మంటాయి, మళ్లీ నడుస్తాయి.

ఫుట్‌పాత్ బండలు సమంగా ఉండవు కదా. కాసేపటికి ఏదో ఒకటి పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగినా మోటారు ఆగదు. నాలుగు కాళ్లూ గాల్లో కొట్టుకుంటూనే ఉంటాయి. అప్పుడు చూడాలి జనాన్ని. పుస్తకాల బేరం మధ్యలో ఉన్నవాళ్లు, ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లులు – ఒక్కక్షణం అందరి కళ్లూ అటే. ఎవరో ఒకరు "అయ్యో, పాపం" అంటారు. ఒకరు వంగి లేపి నిలబెడతారు. ఆ పక్కనే బోర్లాపడి చక్రాలు గిర్రున తిరిగే కారు బొమ్మ కూడా ఉంటుంది. దాన్ని చూసి పాపం అన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

అమ్మేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. మిగతావి పడితే తనే సర్దుతాడు గానీ ఒకదాన్ని మాత్రం కావాలనే అలా వదిలేస్తాడు. నేను పుస్తకాలు తిరగేస్తూ చాలాసార్లు గమనించాను. వంగి లేపినవాళ్లలో సగంమంది ఆ పై మాటగా "కిత్నే కా?" అని అడుగుతారు. ఒకసారి ముట్టుకుని నిలబెట్టాక అది ఊరికే బొమ్మ కాకుండా పోతుంది కాబోలు.

ఆ బొమ్మ లోపల ఏముందో మా బంధువుల పిల్లాడు ఒకడు విప్పి చూపించాడు. బొచ్చు తీసేస్తే అరచేయంత ప్లాస్టిక్ డబ్బా. ఒక చిన్న మోటారు, మూడు నాలుగు పళ్లచక్రాలు, కాళ్లని ముందుకీ వెనక్కీ ఊపే ఒక వంపు కడ్డీ, అరుపుకి గోరంత బిళ్ల. నడక మధ్యలో ఆగడానికి కారణం ఒక పళ్లచక్రానికి కొన్నిచోట్ల పళ్లు లేకపోవడం. ఆ ఖాళీ దగ్గరికి రాగానే కాళ్లు ఆగి తల లేస్తుంది. నాకు ఆశ్చర్యమేసింది ఇక్కడే. ఆపకుండా నడిచే బొమ్మని మనం పట్టించుకోం. నడిచి, ఆగి, ఏదో ఆలోచించినట్టు తలెత్తి, మళ్లీ కదిలితే దానికో మనసు అంటగడతాం. ఆ మనసు కాస్తా పళ్లు లేని చక్రంలో ఉంది.

తెలుగులో 'పాపం' చిత్రమైన మాట. చేసినవాడికి అంటుకునేదీ పాపమే, పడ్డవాణ్ని చూసి అనేదీ పాపమే. కరుణకీ అపరాధానికీ ఒకే మాట వాడే మనం, ఆ మాట అనే ముందు ఎదుటిదానికి నొప్పి తెలుస్తుందా లేదా అని విచారించం. రైలు తప్పిపోయినవాడు పాపం, వానకి తడిసిన కాకి పాపం, ఎండిన తులసిమొక్క పాపం. వ్యాకరణం కూడా ఇందులో మనకి అడ్డు రాదు. కుక్క పడిపోయింది, గడియారం పడిపోయింది. రెండూ 'అది'. రెంటికీ క్రియ ఒకటే. రోబోని 'అది' అనాలా ఇంకేమైనా అనాలా అన్న బెంగ మన భాషకి లేదు. కానీ ఇంకో విభజన మాత్రం మన మాటల్లో లోతుగా పాతుకుపోయింది. చరాచర సృష్టి అంటాం. కదిలేవి ఒకవైపు, కదలనివి ఒకవైపు. ప్రాణం పోయిందని చెప్పడానికి "కదలిక లేదు" అంటాం. కదలని వస్తువు జడం, బుద్ధి లేనివాడు జడుడు. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

కదలికని బట్టి ప్రాణాన్ని పోల్చుకోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న యానిమేషన్ ఫిల్మ్ తీశారు. అందులో ఒక పెద్ద త్రికోణం, ఒక చిన్న త్రికోణం, ఒక గుండ్రటి చుక్క, తలుపున్న ఒక దీర్ఘచతురస్రం. అంతే. 34 మందికి చూపించి ఏం జరిగిందో రాయమంటే, ఒక్కరు మాత్రమే "త్రికోణం ఇటు జరిగింది, వృత్తం అటు జరిగింది" అని రాశారు. మిగతా అందరూ కథలు రాశారు. పెద్దవాడు దౌర్జన్యం చేస్తున్నాడనీ, చిన్నవాడు ఎదురుతిరిగాడనీ, ఆమె భయపడి ఇంట్లో దాక్కుందనీ. స్వీడన్‌లో గున్నార్ యొహాన్సన్ 1973లో ఇంకో పని చేశాడు. మనిషి కీళ్ల దగ్గర చిన్న దీపాలు పెట్టి చీకట్లో నడిపించాడు. తెర మీద కనిపించేది పది పన్నెండు వెలుగుచుక్కలే. ఆగి ఉంటే అవి ఏమిటో తెలీదు. కదిలిన క్షణంలోనే చూసేవాళ్లకి మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాతి కాలంలో, గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చి ఇంకా ఏ జీవినీ చూడని కోడిపిల్లలు కూడా అడ్డదిడ్డంగా కదిలే చుక్కల కంటే జీవి నడకలా కదిలే చుక్కల వైపే పోతాయని పరిశోధకులు చూపించారు. అంటే ఫుట్‌పాత్ మీద "అయ్యో" అన్నావిడ చదువులేక అనలేదు, తెలివిలేక అనలేదు. ఆ అయ్యో ఆలోచన కంటే ముందు పుట్టింది.

ఇక అసలు రోబోల సంగతి. 2015లో అమెరికాలోని బోస్టన్ డైనమిక్స్ సంస్థ స్పాట్ అనే నాలుగుకాళ్ల రోబో వీడియో బయటపెట్టింది. ఒక మనిషి దాన్ని పక్క నుంచి బలంగా తంతాడు. అది తూలుతుంది, కాళ్లు తడబడతాయి, రెండు మూడు చిన్న అడుగులు పక్కకి వేసి నిలదొక్కుకుంటుంది. తోక లేదు, తల లేదు, బొచ్చు లేదు, కళ్లసలే లేవు. అయినా ప్రపంచమంతటా చూసినవాళ్లు అంత పని చేయడం క్రూరమా కాదా అని వాదించుకున్నారు. బొమ్మకుక్కకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. బొమ్మకుక్కని మనం మురిసిపోవాలనే తయారుచేశారు. స్పాట్ తడబాటు మనకోసం పెట్టింది కాదు. దాని కంప్యూటరు క్షణానికి ఎన్నోసార్లు కీళ్ల వంపునీ ఒంటి ఒరుగునీ కొలిచి, పడకుండా ఉండాలంటే కాలు ఎక్కడ వెయ్యాలో లెక్క కడుతుంది. నాలుగుకాళ్ల బరువైన వస్తువు ఏదైనా సరే, పక్క నుంచి దెబ్బ తింటే పడకుండా ఉండటానికి చేయగలిగినవి ఆ నాలుగు పనులే. పుట్టిన గంటకి లేచి నిలబడబోయే దూడా అవే చేస్తుంది. భూమి ఆకర్షణ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది. అందుకే ఆ రోబోలో మనకి దూడ కనిపిస్తుంది. మన కన్ను మోసపోయిందనడం పూర్తిగా నిజం కాదు. అక్కడ నిజంగానే ఒక పోలిక ఉంది. లేనిది నొప్పి మాత్రమే.

సైన్యంలో పనిచేసేవాళ్లకి గుండె గట్టిదని అంటారు. అమెరికాలో మార్క్ టిల్డెన్ అనే ఇంజనీరు మందుపాతరలు తొలగించే రోబో ఒకటి చేశాడు. పుల్లపురుగు ఆకారంలో పొడుగ్గా, చాలా కాళ్లతో ఉంటుంది. మందుపాతర మీద కాలేసి పేలుస్తుంది, ఆ కాలు పోతుంది, మిగిలిన కాళ్లతో ఇంకోదాన్ని వెతుక్కుంటూ పోతుంది. అరిజోనాలోని యూమాలో దాన్ని పరీక్షించారు. దాని పని అదే, అది బ్రహ్మాండంగా చేస్తోంది. ఒక్క కాలుతో ఒళ్లంతా ఈడ్చుకుంటూ ముందుకి పోతుంటే పరీక్ష నడిపిస్తున్న కర్నల్ చూడలేక ఆపించేశాడట. ఇది అమానుషం అన్నాడట. 2007లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జోయెల్ గారో ఈ సంగతి రాశాడు. మనిషి కాళ్లు పోకుండా కాపాడటానికి చేసిన యంత్రం కాళ్లు పోతుంటే మనిషి ఓర్చుకోలేకపోయాడు.

జపాన్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్లారు. సోనీ కంపెనీ 1999లో ఐబో అనే రోబో కుక్కని అమ్మకానికి పెడితే జపాన్‌కి కేటాయించిన 3,000 ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేర్లు కూడా ఆపేశారు. విడిభాగాలు దొరకడం మానేశాక, చెడిపోయిన ఐబోల నుంచి భాగాలు తీసి బతికున్నవాటికి పెట్టేవాళ్లు తయారయ్యారు. అలా విప్పే ముందు 2015 నుంచి చిబా ప్రాంతంలోని కోఫుకుజి అనే బౌద్ధాలయంలో వాటికి అంత్యక్రియల పూజ జరిపించారు. వరసల్లో నిలబెట్టిన కుక్కలు, ఒక్కోదాని మెడలో యజమాని ఊరూ పేరూ రాసిన చీటీ. మనకి ఇది విడ్డూరమనిపిస్తుందా? దసరాకి లారీకీ, కుట్టుమిషనుకీ, స్పానర్లకీ బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టే మనం దీన్ని చూసి నవ్వలేం. కాకపోతే ఆయుధపూజ యంత్రం ఇచ్చే అన్నానికి కృతజ్ఞత. అక్కడిది సాంగత్యానికి కృతజ్ఞత.

మన కథల్లో మరబొమ్మలు లేకపోలేదు. కీలుగుర్రం పేరు వినని తెలుగువాడుండడు. 1949లో నాగేశ్వరరావు, అంజలీదేవిలతో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. కీలు తిప్పితే ఆకాశాన పోయే గుర్రం. కానీ ఆ గుర్రాన్ని చూసి ఎవరూ పాపం అనరు. అది ఎప్పుడూ తూలదు, అలసిపోదు, గుమ్మం తగిలి పడదు. పడేది ఉంటేనే జాలి పుడుతుంది.

ఇప్పుడు మన దగ్గరకీ పడి లేచేవి వచ్చాయి. హైదరాబాద్‌లోనే స్వాయా రోబోటిక్స్ అనే సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలతో కలిసి నాలుగుకాళ్ల రోబోని చేసింది. 2025 జనవరి 15న పుణెలో సైనిక దినోత్సవ కవాతులో 'సంజయ్' అనే మరగాడిదలు వరసగా నడిచాయి. అదే ఏడు ఐపీఎల్‌లో కెమెరా మోసే రోబో కుక్క ఒకటి ఆటగాళ్ల వెంట గంతులేసింది. అభిమానుల ఓటుతో దానికి 'చంపక్' అని పేరు పెడితే, చంపక్ పిల్లల పత్రికవాళ్లు మా పేరెలా వాడుకుంటారని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు.

వీటన్నిట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కేరళ ఏనుగు. 2023 ఫిబ్రవరిలో త్రిస్సూర్ జిల్లా ఇరింజాడపిల్లి శ్రీకృష్ణాలయానికి 'పెటా' సంస్థ ఒక యాంత్రిక ఏనుగుని ఇచ్చింది. ఇరింజాడపిల్లి రామన్ దాని పేరు. పదడుగుల పైచిలుకు ఎత్తు, 800 కిలోల బరువు, మోటార్లతో చెవులూ తొండమూ తోకా ఆడతాయి. ఉత్సవాలకి ఇక నిజం ఏనుగుని గొలుసులతో నిలబెట్టబోమని ఆలయం వాళ్లు నిర్ణయించుకున్నారు. యంత్రం మీద మన కన్ను చూపించే అభిమానం ఇక్కడ ఒక ప్రాణికి విశ్రాంతి అయింది. ఇది చదివినప్పుడు నాకు గంగిరెద్దు గుర్తొచ్చింది. సంక్రాంతికి ఇప్పటికీ మన గల్లీల్లోకి వస్తుంది. సన్నాయి ఊదగానే తలూపుతుంది, మోకాళ్ల మీద వంగి దండం పెడుతుంది. అది ఆనందంగా ఆడుతోందని మురిసిపోతాం. ఏనుగు బొమ్మలో ప్రాణాన్ని చూసే కన్నే, ప్రాణమున్న ఎద్దులో బొమ్మని చూస్తుంది.

యంత్రాల మీద జాలిపడటం దండగ అనేవాళ్లున్నారు. వీధికుక్క పక్కనుంచి ముక్కు మూసుకుపోయి బొమ్మకుక్కని లేపి నిలబెడతారు అని వెటకారం. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఆబిడ్స్‌లో షటర్ల ముందు మెట్ల మీద పడుకునే కుక్కలకి రోజూ తన్నులు తప్పవు. అలాగని వాటిని చూసి భయపడేవాళ్లది ఉత్త భయమూ కాదు. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు చంపేసిన వీడియో చూసిన తల్లిదండ్రులకి ఎవరూ నీతులు చెప్పలేరు. బొమ్మకుక్క కరవదు, దానికి రేబిస్ రాదు, రాత్రి మోటార్‌సైకిల్ వెంట పడదు. దాని మీద జాలికి ఖర్చు లేదు. కానీ ఖర్చులేని జాలి వల్ల ఖర్చయ్యే జాలి తరిగిపోతుందని నేననుకోను. జంతువుల పట్ల క్రూరంగా ఉండేవాడి మనసు మనుషుల విషయంలోనూ మొద్దుబారుతుందని కాంట్ 18వ శతాబ్దంలోనే అన్నాడు. రోబోని తన్నొద్దనే వాళ్లూ ఇవాళ ఆ వాదమే తెస్తున్నారు. నాకు ఆ వాదంతో పేచీ లేదు. నా బెంగ ఇంకో వైపుది. కదిలేదానికి మనసుందని ఇంత తేలిగ్గా నమ్మే మనం, కదలనిదానికి లేదని కూడా అంతే తేలిగ్గా నమ్మేస్తాం.

మా పెద్దమామ నాంపల్లి స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు కూడా స్టేషన్ వెనక గల్లీలోనే. మహా మాటకారి. ఇంటికొచ్చిన ఏ మనిషినీ నవ్వకుండా బయటికి పంపేవాడు కాదు. అరవై ఆరో ఏట పార్కిన్సన్స్ వచ్చింది. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. ఆ పేరు విని అందరూ వణుకు గురించే అడిగేవాళ్లు గానీ మామకి వణుకు తక్కువే. ఆయన్ని పట్టింది బిగుసుకుపోవడం. అడుగు చిన్నదైంది, గొంతు చిన్నదైంది, ఆఖరికి ముఖం ఆగిపోయింది. డాక్టర్లు దీన్ని మాస్క్ ఫేస్ అంటారు. ముఖకండరాలు చెప్పిన మాట వినవు, రెప్పపాటు కూడా తగ్గిపోతుంది. లోపల నవ్వొస్తే బయటికి రాదు. ఇలాంటి రోగుల మనసుని వైద్యులు కూడా ముఖం చూసి తప్పుగా అంచనా వేస్తారని పరిశోధనలు చెబుతున్నాయి. మామూలు చుట్టాల సంగతి చెప్పేదేముంది? ఇంటికి వచ్చి, ఆయనకి ఎదురుగా కూర్చుని, అత్తనడిగేవాళ్లు: "అన్నం తింటున్నడా? మనుషుల్ని గుర్తుపడుతున్నడా?" ఆయన అన్నీ వింటూ ఉండేవాడు. ఆయన బుర్ర చివరిదాకా చెక్కుచెదరలేదు. పార్సిల్ ఆఫీసు లెక్కలు ఇప్పుడడిగినా చెప్పగలిగేవాడు, కాకపోతే జవాబు పెదాల దాకా రావడానికి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టేది. ఆలోగా అడిగినవాళ్లు ఇంకో సంగతిలోకి వెళ్లిపోయేవాళ్లు.

ఒక జనవరిలో పిల్లల్ని తీసుకుని నుమాయిష్‌కి వెళ్లాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్ మామకి ప్రాణం. నడిచినన్నాళ్లూ ఏటా కనీసం నాలుగుసార్లు వెళ్లేవాడు. ఆయన మనవడు అక్కడ ఇలాంటి నడిచే కుక్కనే కొనుక్కున్నాడు, ఆబిడ్స్‌లో దొరికేదాని కంటే కాస్త పెద్దది. ఇంటికి తెచ్చి హాల్లో వదిలాడు. మామ కుర్చీలో ఉన్నాడు. వరంగల్ నుంచి వచ్చిన చుట్టాలు నలుగురు సోఫాలో ఉన్నారు. కుక్క నడిచింది, ఆగింది, అరిచింది, చాప అంచు తగిలి పక్కకి పడి కాళ్లు కొట్టుకుంది. నలుగురూ ఒకేసారి "అయ్యో పాపం" అన్నారు. ఒకాయన లేచి దాన్ని నిలబెట్టాడు. అరగంటై మామని వాళ్లెవరూ పలకరించలేదు.

కుక్క రెండోసారి పడ్డది. ఈసారి మామ పాదం దగ్గర. దాని కాళ్ల చప్పుడు మెల్లగా తగ్గుతోంది. మామ పెదాలు కదలడం మనవడు చూసి "తాత ఏదో అంటున్నడు, ఆగుండ్రి" అన్నాడు. అందరూ ఆగారు. చాలాసేపటికి, వినపడీ వినపడని గొంతుతో, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా మామ అన్నాడు:

"దానికన్న సెల్లు మార్చుండ్రిరా. నాకైతే బజార్ల దొరుకతలేదు."

ముందు అత్త నవ్వింది. ఆ తర్వాత హాలంతా నవ్వింది. వరంగల్ చుట్టం కుర్చీ జరుపుకుని మామ పక్కకి వచ్చి కూర్చున్నాడు. ఆ సాయంత్రం వాళ్లు మాట్లాడుకున్నది ఖాజీపేట యార్డు గురించి, 1970లలో రైళ్ల గురించి. ఒక్కో జవాబుకీ అంతసేపూ ఆగుతూ.

నుమాయిష్ మైదానానికి కాస్త దూరంలో, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి నిజాం కాలంలో వచ్చిన ఒక మమ్మీ ఉంది. వయసులో ఉండగానే చనిపోయిన అమ్మాయిది. వేల ఏళ్ల కిందట నవ్వి, జ్వరమొచ్చి, ఎవరినో పిలిచి ఉంటుంది. గాజుపెట్టె ముందు పిల్లలు తోసుకుంటారు, ముక్కు ఎక్కడుందో వెతుకుతారు. "పాపం" అన్న మాట అక్కడ నేను వినలేదు. నొప్పి తెలిసిన ఒళ్లు కదలడం లేదు కాబట్టి జాలి పుట్టలేదు. నొప్పి తెలియని బొచ్చుబొమ్మ కదిలింది కాబట్టి పుట్టింది. ఇందులో పిల్లల తప్పేం లేదు. కన్ను తన పని తాను చేసింది. ఆ కన్ను ఇచ్చిన తీర్పు మీద రెండో విచారణ జరపాల్సింది మనం. దానికి కొంచెం ఓపిక కావాలి.

రోబోలు ఇంకా బాగా నడుస్తాయి. రేపు కళ్లార్పుతాయి, తల పక్కకి వాల్చి వింటున్నట్టు చూస్తాయి. వాటిని అమ్మేవాళ్లకి ఆబిడ్స్ బొమ్మలవాడికి తెలిసిన కిటుకు ఇంకా బాగా తెలుసు. పాపం అననీ జనాన్ని. అది మంచి మాటే. అయితే ఆసుపత్రి మంచాల మీద, వసారా కుర్చీల్లో కదలకుండా కూర్చున్న మనుషులు మనకి ఏ సైగా చెయ్యలేరు. వాళ్ల దగ్గర "అయ్యో" దానంతటది పుట్టదు. మనమే అడగాలి, అడిగాక ఆగాలి.

మామ పోయి రెండేళ్లయింది. అత్త ఇప్పటికీ ఎవరినైనా ఒక మాట అడిగితే, జవాబు కోసం మామూలు కంటే కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు కొత్తవాళ్లు లైన్ కట్టయిందనుకుని "హలో, హలో" అంటుంటారు.